శేరి యను నింటిపేరు

ఇంటిపేరు తెనుఁగువారి వంశచరిత్రలకు ముఖ్యాధారములలో నొకటి. గోత్రము మూలపురుషుఁడగు ఋషిని దెలుపును. ప్రవర ఆ ఋషి సంతతిలోని ప్రసిద్ధులను దెలుపును. ఇంటిపేరో, ఆ వంశమువా రొకానొక కాలమున నే యూర నివసించిరో, యే వృత్తి నవలంబించిరో, యే యధికారము వహించిరో తెలుపును. శాసనములు దానము చేసిన ప్రభువును, గొన్న బ్రాహ్మణుని, పొలిమేరలను జెప్పునుగాని, యా పొలమును దున్నినవాని పేరు సామాన్యముగాఁ జెప్పవు. అట్టి సామాన్యుల చరిత్రము వారి యిండ్లపేర్లలోనే కొంత మిగిలియున్నది. కావున నింటిపేరును జక్కఁగా వ్యుత్పాదించుట కేవల శబ్దవినోదము గాదు, అది చరిత్రకార్యము.

ఈ వ్యాసమున విచారింపఁదలఁచినది శేరి యను నింటిపేరు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నము మండలములో, హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకుఁ బోవు మార్గమున, శేరిగూడ యను గ్రామము కలదు. ఇంజనీరింగు కళాశాలల మూలమున నీ పేరు నేఁడు పలుజిల్లాల విద్యార్థులకుఁ బరిచితమైనది. కాని యా పేరున కర్థ మేమని యడిగినచో సమాధానములు పలువిధములుగా వచ్చును. శేరి యింటిపేరుగలవారు తెలంగాణమునఁ బలుతావులఁ గలరు. వారి యింటిపేరునకును నీ యూరిపేరునకును బూర్వపద మొక్కటియే. ఆ పూర్వపదమున కర్థము నిర్ణయించినఁగాని రెంటిలో నేదియుఁ దేలదు.

మొదట నింటిపేళ్ల రూపమునుగూర్చి కొంత చెప్పవలసియున్నది. తెనుఁగున నింటిపేరు వ్యక్తినామమునకు ముందు విశేషణమువలె నిలుచును. గ్రామనామము లింటిపేరు లగునపుడు ప్రాయికముగా నౌపవిభక్తికరూపమును బొందును. వేమూరు వేమూరి యగును. మాడపాడు మాడపాటి యగును. వెలనాడు వెలనాటి యగును. పొన్నెకల్లు పొన్నెకంటి, పొన్నెగంటి యగును. ఇల్లు ఇంటి యగుటకును, గాడు కాటి యగుటకును నే విధి కారణమో, ఈ యింటిపేళ్లకును నదియే కారణము. అద్దంకి, బమ్మెర, తాళ్లపాక మొదలగునవి మాత్రము మార్పు లేకయే నిలుచును. గ్రామనామములచే వంశములను వ్యవహరించు నాచారము కాకతీయుల కాలమునాఁటికే దృఢపడియుండెను. పాలంపేట రామప్పగుడి ప్రతిష్ఠను జెప్పు 1213వ సంవత్సరపు శాసనమునఁ గానవచ్చు రేచెర్ల రుద్రుని వంశమును, మల్యాలవారును నిందుకు నిదర్శనములు.

రెండవ తెగ యింటిపేళ్లు వృత్త్యధికారములనుబట్టి వచ్చినవి. భాండాగారశబ్దము ప్రాకృతమున భండాఆరమై, తెనుఁగున భండారమై, భండారు అను నింటిపేరుగాఁ బరిణమించినది. అబలాసచ్చరిత్రరత్నమాల రచించిన భండారు అచ్చమాంబ (1874–1905) గారి యింటిపే రిదియే. కోష్ఠాగారశబ్దము కొటారైనది, తిక్కనగారి యింటిపేరగు కొట్టరువు నీ వర్గమునఁ జేర్చువారును గలరు. సుంకమును వసూలుచేయువారు సుంకరవారైరి. తలారి, కరణము, దేశాయి, దేశముఖు అనునవి యిట్టివే. ఈ తెగలో నొక విశేషము గమనింపఁదగినది. గ్రామనామము సామాన్యముగా నొక్కయూరికి సంబంధించును. అధికారనామము రాజ్యమున నా యధికార మున్న ప్రతిచోటను బుట్టవచ్చును. ఈ భేదము ముందు చెప్పఁబోవు విషయమునకుఁ గీలకము.

శేరి యే తెగలోనిది? ఇది యికారాంతశబ్ద మగుటచేఁ బ్రథమయందును నౌపవిభక్తికమందును రూపభేదము లేదు. రూపముచేత నిర్ణయము కుదురదు. కాని శేరిగూడనుండి వచ్చినవారైనచో శేరిగూడవారనియో, శేరిగూడెమువారనియో వ్యవహారము కలుగవలెను. గ్రామనామములోని పూర్వపదమును మాత్రము గ్రహించి యుత్తరపదమును విడుచుట యింటిపేళ్లలో నరుదు. నారాయణగూడవారు నారాయణవారు గారు. తాడేపల్లిగూడెమువారు తాడేపల్లివా రనిపించుకొనరు, ఆ పేరు తాడేపల్లి యను వేఱొక యూరివారిది. కావున శేరిగూడనుండి శేరివారు పుట్టలేదు. శేరివలననే శేరిగూడయు శేరివారును వేర్వేఱుగాఁ బుట్టిరని చెప్పుట యుక్తము.

ఇఁక శేరి యన నేమి? దక్కను ప్రాంతపు భూవ్యవహారమున శేరి, సేరి యనునది పారిభాషికపదము. సర్కారుగాని, జమీందారుగాని, యితర భూస్వామిగాని, రైతులకుఁ బట్టా యీయక తన యధీనముననే యుంచుకొని, తన యజమాయిషీలో కూలివాండ్రచేతనో, పాలికాండ్రచేతనో సాగుచేయించుకొను భూమికి శేరి యని పేరు. రైతుచేతిలోని జిరాయితీకిని, విద్వాంసులకును దేవాలయములకును బిచ్చిన యినాముకును, సేవకు జీతముగా నొసఁగిన జాగీరుకును, నిర్ణీతమగు శిస్తుపై వదలిన మక్తాకును నిది భిన్నము. మరాఠీభాషయందును నీ పద మీయర్థముననే కలదు. కొల్హాపురము మొదలగు సంస్థానములలో ప్రభువు సొంతసాగు భూములను శేరి యనిరి.

భూస్వామ్యవిధమునుబట్టి గ్రామములకుఁ బేళ్లు పెట్టుట, లేక యున్న పేళ్లకు విశేషణము చేర్చుట, హైదరాబాదు పరిసరములందు సుపరిచితమైన పద్ధతి. బండ్లగూడ ఖాల్సా యొకటి, బండ్లగూడ జాగీరు మఱియొకటి. రాయదుర్గము రెవెన్యూ లెక్కలలో మూఁడై, రాయదుర్గ్ పాన్‌మక్తా, రాయదుర్గ్ నవ్‌ఖాల్సా, రాయదుర్గ్ పాయెగా యని వ్యవహరింపఁబడుచున్నది. ఆ ప్రాంతముననే మక్తా మహబూబుపేట కలదు. రాయదుర్గపు గ్రామములును, మక్తా మహబూబుపేటయు నేఁటి శేరిలింగంపల్లి మండలమునకుఁ జెందినవి. ఖాల్సా, జాగీరు, పాయెగా, మక్తా యనునవి భూస్వామ్యవిశేషణములు కాఁగా, వాని నడుమనున్న శేరిలింగంపల్లిలోని శేరి మాత్రము మఱొకజాతి పదమనుట పొసఁగదు. సాహచర్యము శబ్దార్థనిర్ణయమునకు హేతువని మన శాస్త్రజ్ఞులు చెప్పుదురు గదా.

ఈ పదము తెలంగాణమునకే పరిమితము గాదు. కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమున శేరికలవపూడి, శేరివేల్పూరు, శేరిదింటకుర్రు, శేరిగొల్వేపల్లి యని వరుసగా గ్రామములు గలవు. ఆ ప్రాంతముననే కలవపూడి అగ్రహారమును గలదు. ఒక్కపేరునకే యొకచో శేరియు నొకచో నగ్రహారమును జేరుట చూచిన, నొకటి బ్రాహ్మణులకు దత్తమైన భూభాగమనియు, నొకటి ప్రభువు తనకై నిలుపుకొనిన భూభాగమనియు స్పష్టపడుచున్నది. కృష్ణాతీరమును, హైదరాబాదు పరిసరమును రెండును గోలకొండ కుతుబుషాహీ ప్రభువుల యేలుబడిలో నుండినవే. మరాఠీదేశముతో సంబంధముగల దక్కను రెవెన్యూవ్యవహార మీ రెండుచోట్లను వ్యాపించెను. ఈ పద మంతదూరము ప్రాఁకుటకు నదియే హేతువని నా యభిప్రాయము.

అర్థ మిట్లుండఁగా వ్యుత్పత్తివిషయమున మూఁడు పక్షములు వినవచ్చుచున్నవి. వానిని వరుసగాఁ బరీక్షింతము.

మొదటిది ద్రావిడపక్షము. అరవమున చేరి యనఁగా నివాసభాగము, పల్లె. పుదుచ్చేరి యందలి యుత్తరపద మిదియే. కన్నడమున నిది కేరి. తెనుఁగున గేరి యని వీథి యను నర్థమున రాయలసీమలో నిప్పటికిని వ్యవహరింతురు. కన్నడములోని కకారము తాలవ్యాచ్చు పరమగునపు డఱవమునఁ జకారమగుట ప్రసిద్ధము. కన్నడపు కివి, యఱవమునఁ జెవి, తెనుఁగునను జెవి. ఆ న్యాయముచేఁ దెనుఁగున చేరి యని యుండవలెనుగాని శేరి యని యుండఁగూడదు. అదియుంగాక చేరి, కేరి, గేరి యనునవి గ్రామనామములలో నుత్తరపదములై యుండును. శేరి సర్వత్ర పూర్వపదమే. పల్లె యను నర్థముగల చేరికిఁ బల్లె యను నర్థమేగల గూడను జేర్చుట పునరుక్తి. కావున నీ పక్షము ధ్వనిచేతను, స్థానముచేతను, నర్థముచేతను నిలువదు. దీనిని నిరాకరించుటలో నొక లోకోపకారమును గలదు. నేఁటి యఱవదేశమునఁ జేరి యనఁగా నంటరానివారని దూరముంచఁబడినవారి వాడ యను నర్థము రూఢమైనది. ధ్వనిసామ్యమాత్రమున శేరివారి కా యర్థమంటఁగట్టి న్యూనతగాఁ బలుకుట శాస్త్రదూరము; మనుష్యుల నట్లు వాడలనుబట్టి కించపఱచుట ధర్మదూరమును.

రెండవది మానపక్షము. శేరు అను తూనికకు శేరి యౌపవిభక్తికమనియు, శేరుచొప్పున ధాన్యము గొలుచువారు శేరివారైరనియు నందురు. కాని లోకమున శేరు బియ్యము, శేరు నెయ్యి యందురుగాని, శేరి బియ్యము, శేరి నెయ్యి యనరు. ప్రయోగములేని రూపమును వ్యుత్పత్తికై కల్పించుట తగదు. గ్రామనామములకుఁ దూనికపేరు విశేషణమగుటయు నసంభావ్యము.

మూఁడవది పారసీకపక్షము. షేర్ అనఁగా సింహము. షేరుగూడయే శేరిగూడ యైనదందురు. ఇట్లైనచో నితరగ్రామములయందలి శేరిశబ్దమునకును సింహార్థమే చెప్పవలసివచ్చును. శేరికలవపూడికిని, శేరివేల్పూరికిని సింహముతో సంబంధ మేమి? ఇకార మెక్కడిది? ఒక్కయూరి పేరునకుఁ గుదిరి యితరముల కన్నింటికిని గుదురని వ్యుత్పత్తి త్యాజ్యము.

ఇఁక నాకుఁ దోఁచిన పక్షమును నివేదింతును. సంస్కృతమున సీరశబ్దమునకు నాఁగలి యని యర్థము. అమరసింహుఁడు హల లాంగల గోదారణశబ్దములతోఁ దీనిని బఠించెను. బలరాముఁడు సీరపాణి, జనకుఁడు సీరధ్వజుఁడు. ఉత్తరదేశమున నయోధ్య, కాశీ ప్రాంతములలో జమీందారు సొంతసాగు భూమిని సీర్ అని వ్యవహరించుచుండిరి. ఆ పదమీ సీరశబ్దభవమే. మన శేరియు నా సీరును నొక్కయర్థమునే చెప్పుచున్నవి. కాని సీరశబ్దమునుండి నేరుగా శేరి యని రూపము వచ్చుటకు నీకార మేకార మగుట బాధకము.

ఈ బాధకము పాణినీయముచేఁ దొలఁగును. హల సీర శబ్దములపైఁ దత్సంబంధార్థమున ఠక్ప్రత్యయమును సూత్రకారుఁడు విధించియున్నాఁడు. ఠకారమున కికాదేశము, ప్రత్యయము కిత్తగుటచే నాదివృద్ధి. అందుచే హలమునుండి హాలికమును, సీరమునుండి సైరికమును సిద్ధించును. సైరికమనఁగా నాఁగటికి సంబంధించినది, నాఁగటివాఁడు, నాఁగటియెద్దు. సైరికశబ్దమునకుఁ బ్రాకృతమున నైకార మేకార మగును, స్వరమధ్యకకారము లోపించును, అంతట సేరిఅ యను రూపము గలుగును. తుది స్వరద్వయము కలిసి సేరీ, సేరి యగును. ఈ మార్గమున నడిచిన పదము లింకను గలవు. తైలికశబ్దము తెల్లిఅ యై, హిందుస్థానీయమునఁ దేలీ యైనది, నూనెగానుగవాఁడని యర్థము. తైలికమునకుఁ దేలీ యెట్లో సైరికమునకు సేరి యట్లు. ఉత్తరదేశపు సీర్ ప్రకృతినుండి వచ్చినది. దక్కను సేరి తద్ధితాంతమునుండి వచ్చినది. ఒక్క మూలమునకు రెండు శాఖ లనుటలో విరోధము లేదు.

సేరి శేరి యగుట సుకరము. తెనుఁగునకు ముప్పదియాఱు వర్ణములని చెప్పి, దంత్యసకారము నందుఁ జేర్చి, తాలవ్యశకారమును జేర్పని చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) పండితుల కెల్లఁ దెలిసినదే. అయినను నుచ్చారణయందు నికారైకారములు పరమగునపుడు సకారము తాలవ్యముగా వినఁబడును. అందుచేతనే సెట్టి–శెట్టి, సెలవు–శెలవు, సిస్తు–శిస్తు అని రెండువిధముల వ్రాఁత గలిగినది. మరాఠీయందు నీ మార్పు మఱింత నియతము. సీమాశబ్ద మక్కడ శీవ్ అగును. కావున సేరి, శేరి యనునవి రెండు పదములు గావు. ఆంగ్లలిపిలో ఒక్కవంశమువారే యొకరు సకారముతోను, నొకరు శకారముతోను వ్రాయుట చూచి వేర్వేఱు వంశములని భ్రమింపఁగూడదు.

ప్రభువు తన సొంతముగా సేద్యము చేయించుకొను భూమి యను భావము మనదేశమున నతిప్రాచీనము. కౌటిల్యుఁ డర్థశాస్త్రము రెండవ యధికరణమున సీతాధ్యక్షుఁడను నధికారిని జెప్పెను. సీత యనఁగా నాఁగటిచాలు; అందుండి రాజభూమిసేద్యమును, దానిపంటయు సీతయైనవి. సీతాధ్యక్షుఁడు విత్తనములను సంపాదించి, దాసులచేతను, గూలివాండ్రచేతను, దండము చెల్లింపలేక పనిచేయువారిచేతను రాజభూమిని దున్నించి విత్తించును. మిగిలిన భూమి నర్ధసీతికులు, అనఁగా సగపాలుకాండ్రు, సాగుచేయుదురు. సీతయు సీరమును రెండును నాఁగటికిఁ జెందిన మాటలే. దక్కను శేరి యీ వ్యవస్థకుఁ బేరుమాఱిన కొనసాగింపు వంటిది. ఇతరదేశములందు నిట్టిది గలదు. ఆంగ్లదేశమునఁ బ్రభువు కౌలుకీయక తనకై నిలుపుకొనిన క్షేత్రమునకు బార్టను అని పేరు. యవలపాటకమను నర్థముగల ప్రాచీనపదము క్రమముగా నీ యర్థమును బొందెను. బార్టను అను నింటిపే రాదేశమున విరివిగాఁ గలదు; అది యొక్క వంశమువారిది గాదు, బార్టను లున్న పలుతావుల వేర్వేఱుగాఁ బుట్టినది. శేరివారి విషయమును నట్లే గ్రహింపవలెను.

శేరిగూడలోని యుత్తరపదమునుగూర్చి రెండు మాటలు. గూడు, గూడెము అను దేశ్యములు నివాసవాచకములు. గూడెము చిన్నపల్లె. కోస్తాజిల్లాలలో గూడెము సంపూర్ణముగా నిలిచినది. హైదరాబాదు చుట్టుపట్ల ముకారము లోపించి గూడ యైనది. కాచిగూడ, నారాయణగూడ, దోమలగూడ, యూసుఫుగూడ మొదలగునవి యుదాహరణములు. ఉర్దూ దస్తరములలోని వ్రాఁత యీ లోపమునకుఁ దోడ్పడియుండును. కాఁబట్టి శేరిగూడ యనఁగా శేరిభూమిని సాగుచేయువారు గుడిసెలు వేసికొని నివసించిన పల్లె యని షష్ఠీతత్పురుషము. ఇబ్రహీంపట్నము ఇబ్రహీం కుతుబుషా (పాలనము 1550–1580) పేర వెలసినది. అక్కడి పెద్దచెఱు వాతని కాలమునాఁటిదే. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును గృతినందిన మల్కిభరాముఁ డితఁడే. పెద్దచెఱువు గట్టించిన ప్రభుత్వము దాని చేరువభూములలో మేలైన కొంతభాగమును దన చేతిలో నుంచుకొనుట సహజము. శేరిగూడ యా చెఱువునకు సమీపమున నుండుట యీ యర్థమున కనుగుణముగా నున్నది.

ఇఁక నీ యింటిపేరు వ్యాప్తినిగూర్చి చెప్పెదను. శేరిభూమి యొక్క పరగణాకుఁ బరిమితము గాదు. ఎచ్చట శేరి యుండెనో యచ్చట దానిని జూచు నధికారియు, లెక్క వ్రాయువాఁడును, దున్నువాఁడును, నీరుగట్టువాఁడును నుండిరి. వీరిలో నెవరినైనను నూరివారు శేరివా రని పిలిచియుందురు. ఆ పిలుపే రెండుమూఁడు తరములలో నింటిపే రగును. కావున శేరి యింటిపేరు పలుచోట్లఁ బలుమాఱులు స్వతంత్రముగాఁ బుట్టినది. దాని విరివికి నిదియే కారణము.

దీనినుండి రెండు సిద్ధాంతములు వెలువడుచున్నవి. ఇంటిపేరు వంశపుటంతస్తును జెప్పదనుట మొదటిది. శేరి సర్కారుభూమి కనుక శేరివా రందఱు సర్కారు ప్రతినిధులని గర్వించుటకును, శేరిలోఁ గూలిసేద్యము జరిగెను గనుక వారందఱు గూలివాండ్రని తలఁచుటకును నాధారము లేదు. సీతాధ్యక్షుఁడును, గర్మకరుఁడును నొక్క పొలములోని వారే. రెండవది బంధుత్వవిషయము. తెనుఁగుదేశమున నింటిపే రొక్కటియైనచో నన్నదమ్ముల వరుస యని వివాహము మానుట సామాన్యాచారము. గ్రామనామజన్యములగు నింటిపేళ్ల విషయమున నిది కొంతవఱకు యుక్తము. అధికారనామజన్యములగు శేరి, భండారు, సుంకర, తలారి మొదలగువాని విషయమున నింటిపేరిటి యైక్యము వంశైక్యమునకుఁ జాలిన ప్రమాణము గాదు. మెదకుప్రాంతపు శేరివారును, రంగారెడ్డిజిల్లా శేరివారును నింటిపేరుమాత్రమున జ్ఞాతులు గారు. కారనియు నింటిపేరు చెప్పదు. గోత్రము, మూలగ్రామము, కులదేవత, పెద్దల నోటిమాట యివి కలిసినపుడే నిర్ణయము సాధ్యము. ఈ వివేకము లేక సంబంధములు చెడిన కుటుంబములు గలవు.

శేరి వ్యవస్థ నేఁడు లేదు. హైదరాబాదురాజ్యమున 1949వ సంవత్సరమున నైజాము సొంతమైన సర్ఫెఖాసు భూములు ప్రభుత్వాధీనమైనవి. ఆ సంవత్సరముననే జాగీరులు రద్దైనవి. 1950వ సంవత్సరపుఁ గౌలుదారీచట్టమును, 1955వ సంవత్సరపు టినాముల రద్దుచట్టమును దున్నువానికి హక్కులు గలిగించినవి. వ్యవస్థతోఁ గూడ పదమును వ్యవహారమునుండి జాఱిపోవుచున్నది. నేఁటి బాలురకు శేరి యన నేమో తెలియదు. ఊళ్లపేళ్లును, నింటిపేళ్లునే దానికి మిగిలిన ఱాతిశాసనములు.

ఆ శాసనములకే యిప్పుడు చేటు గలుగుచున్నది. పూర్వము పూర్తిగా వ్రాయఁబడుచుండిన యింటిపేరు కచ్చేరీ పత్రములలో నొక్క పొడియక్షరముగా సంకోచించినది. దీనికిఁ జక్కని యుదాహరణము శేరిగూడయున్న జిల్లాపేరే. 1978వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీని హైదరాబాదుజిల్లానుండి యొక క్రొత్త జిల్లాను విభజించి, ఆంధ్రప్రదేశమునకు నుపముఖ్యమంత్రిగా నుండిన కొండా వెంకట రంగారెడ్డి (1890–1970) గారి పేరు పెట్టిరి. మొదట నది కె. వి. రంగారెడ్డి జిల్లా, అనఁగాఁ గొండా యను నింటిపే రప్పటికే యొక్క యక్షరమైనది. పిమ్మట నా యక్షరమును బోయి రంగారెడ్డి జిల్లా యైనది. మిగిలిన రెడ్డిశబ్దము రట్టగుడి, రట్టడి యను ప్రాచీన గ్రామాధికారనామముల పరిణామము. అది యింటిపేరు గాదు. మహాపురుషుల పేళ్లలోనే యింటిపే రిట్లు జాఱిపోయినపుడు సామాన్యులమాట చెప్పనేల?

కొన్నియెడల నింటిపేరు పూర్తిగా మాఱును. హైదరాబాదురాజ్య ముఖ్యమంత్రిగా 1952నుండి 1956వఱకు నుండిన బూర్గుల రామకృష్ణరావుగారి వంశపు టింటిపేరు పుల్లంరాజు. స్వగ్రామమగు బూర్గుల పేరే తరువాత నింటిపేరైనది. ఇట్టి మార్పులు వ్రాఁతలో నుండిన చరిత్రకు లోపము లేదు. వ్రాఁత లేనిచోటనే నష్టము. 1860వ సంవత్సరమున ట్రూరో యను నోడలో మదరాసునుండి దక్షిణాఫ్రికాకుఁ జేరిన వారును, వారి వెనుక నేఁడులతరబడి పోయిన కూలీలును నోడల పట్టికలలో నెక్కిరి. ఆ పట్టికలలో మనిషిపేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము గలవు. ఇంటిపేరునకు గడి లేదు. ఫలితముగా నక్కడి తెనుఁగువారి సంతతిలో రెడ్డి, నాయుడు మొదలగు బిరుదశబ్దములే వంశనామములై నిలిచినవి. నేఁడు తమ పూర్వుల యూళ్లను వెదకుకొనుచు వచ్చు వారికి, ఆ యొక్క గడి యుండియుండిన నెంత మేలగునో విజ్ఞులు తలపోయవచ్చును.

కావున పాఠశాలాపండితులకు నా విజ్ఞప్తి యొక్కటి. పిల్లల పేళ్లు పాఠశాల దాఖలాపుస్తకమున వ్రాఁతకెక్కును. అందు నింటిపేరును బొడియక్షరముగాఁ గాక తెనుఁగులిపిలోఁ బూర్తిగా వ్రాయింతురు గాక. శేరియైనను, సేరియైనను, నింటివా రెట్లు పలికిన నట్లు వ్రాయవలెను. మన పాండిత్యముచే దిద్దఁగూడదు. తమ గ్రామములలోని శేరిపొలము, శేరిదారి, శేరిబావి వంటి పేళ్లను వృద్ధు లున్నప్పుడే యడిగి తెలిసికొని, చేనిపేరు, పూర్వపు సర్వేసంఖ్య, సాగుచేసినవారి యింటిపేరు నొక్కచోఁ జేర్చి యుంచుదురు గాక. సైరికమునుండి శేరి యని నేను జెప్పిన వ్యుత్పత్తికి బలము చేకూరవలెనన్నను, బాధ కలుగవలెనన్నను నట్టి సామగ్రియే ప్రమాణము. ఆ సామగ్రి యిప్పటికిఁ బల్లెపెద్దల జ్ఞాపకమున నున్నది. వారు గడచినపిమ్మట నే సూత్రమును దానిని సాధింపఁజాలదు.